బొడ్డు గుల్ల కొలత

మా ఇంట్లో మూడు తరాలుగా ఎవరి లెక్కా తప్పలేదు. అంటే, తప్పినట్టు రికార్డులో ఎక్కడా లేదు. తాతగారు తాలూకా కచేరీలో గుమాస్తా. నాన్నగారు బందరులో ఒక కాలేజీలో ఫిజిక్స్ డిమాన్‌స్ట్రేటరు. లోలకం ఊపి భూమ్యాకర్షణ విలువ కనుక్కునే ప్రయోగం ఉంటుంది. కుర్రాళ్ళు ఎలా ఊపినా, ఎన్ని ఊపులు మర్చిపోయినా, చివరికి జవాబు 980 దగ్గరే తేలాలి. తేలకపోతే రికార్డు మీద సంతకం పడదు. అందుకని వాళ్ళు ముందు 980 వేసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ వచ్చి రీడింగులు నింపేవారు. నాన్నగారికి ఆ సంగతి తెలుసు. తెలియడమేమిటి, ఎలా నింపాలో నేర్పింది ఆయనే. "అన్నీ ఒకేలా వెయ్యకండిరా, అనుమానం వస్తుంది. ఒకటి 978, ఇంకోటి 983. కాస్త వణకాలి" అనేవారు. ఆ వణుకు వెయ్యడం నాకు పదేళ్ళ వయసుకే చేతనయింది.

నా పేరు పాండురంగ. హైస్కూళ్ళలో ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి, రిటైరై, బందరులో ఉంటున్నాను. పిల్లల నోట్సులో కొట్టివేతలు కనిపిస్తే నాకు ఒళ్ళు మండేది. జేబులో ఎప్పుడూ ఒక రబ్బరు ముక్క ఉండేది. శుభ్రంగా చెరిపి శుభ్రంగా రాయమనేవాణ్ణి. నా దగ్గర చదివిన వాళ్ళ రికార్డులు చూసి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు మెచ్చుకునేవారు. ఆ మెప్పు నాకు చాలా ఇష్టంగా ఉండేది. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గుగా ఉంది.

మొన్న నవంబరులో బీరువాకి చెదలు పట్టిందని మా ఆవిడ వేదవతి పుస్తకాలన్నీ వరండాలో ఎండబెట్టింది. సాయంత్రం ఎత్తి లోపల పెడుతూ ఒక పాత నోట్‌బుక్కు పట్టుకుని వచ్చింది.

"ఏవండీ, ఇది పిల్లలది కదూ. కొక్కిలిగడ్డ దివ్యశ్రీ, తొమ్మిదో తరగతి అని ఉంది. మన దగ్గరెందుకుంది?"

ఎందుకుందో నాకు తెలుసు. పదమూడేళ్ళ పైనుంచీ అది ఆ బీరువాలో అడుగు అరలో ఉంది. నేనే పెట్టాను, మళ్ళీ తియ్యలేదు.

"గుడివాడ ఎగ్జిబిషన్‌లో దొంగ లెక్కలు వేసిందన్నారే, ఆ అమ్మాయేనా?" అంది వేదవతి.

అప్పట్లో ఇంటికొచ్చి ఆవిడకి నేను చెప్పిన మాట అది. ఆ మాట అంత భద్రంగా గుర్తు పెట్టుకుందని అనుకోలేదు. కాఫీ గ్లాసు కింద పెట్టి, జరిగింది జరిగినట్టు మొదటిసారి చెప్పాను. ఇక్కడా అదే చెబుతాను.

*

2011లో నేను నాగాయలంక అవతల ఒక హైస్కూల్లో ఉన్నాను. ఆ ఏడాది నాకు గోల్డెన్ రేషియో పిచ్చి పట్టింది. విజయవాడలో టీచర్లకి ట్రైనింగు పెట్టి, తెర మీద రంగురంగుల బొమ్మలు చూపించారు. ఒకటి, ఒకటి, రెండు, మూడు, ఐదు, ఎనిమిది, పదమూడు. ముందు రెండూ కూడితే తర్వాతది. పక్కపక్కనున్నవాటిని భాగిస్తూ పోతే జవాబు 1.618 దగ్గర స్థిరపడుతుంది. స్కూలుకి తిరిగొచ్చి అదంతా తొమ్మిదో తరగతికి చెప్పాను. పొద్దుతిరుగుడు పువ్వులో గింజల వరసలు ఇవే అంకెల్లో ఉంటాయి, అనాసపండు కళ్ళు ఇవే అంకెల్లో ఉంటాయి, సముద్రపు గుల్లలో ఒక చుట్టుకి తర్వాతి చుట్టు సరిగ్గా 1.618 రెట్లు ఉంటుంది అని బోర్డు మీద రాశాను. పువ్వూ పండూ నేను స్వయంగా లెక్కపెట్టి చూసినవే. గుల్లని మాత్రం చూడలేదు. తెర మీద బొమ్మ అందంగా ఉంది, దాని మీద గీసిన చుట్ట ఇంకా అందంగా ఉంది, నమ్మేశాను.

దివ్యశ్రీ రెండో బెంచీలో కూర్చునేది. సన్నగా, ఎప్పుడూ జడ ముందుకేసుకుని, చెప్పింది పూర్తిగా వినేది. వాళ్ళది గుల్లలమోద. నాన్న రత్తయ్య సముద్రం మీదికి వెళ్తాడు, అమ్మ అచ్చమ్మ చేపలు అమ్ముతుంది. ఆ రోజు క్లాసయ్యాక నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

"సార్, మా ఊరి నిండా గుల్లలే. కొలిచి చూడచ్చా?"

నాకు అంతకన్నా కావలసిందేముంది. డిసెంబరులో గుడివాడలో జిల్లా సైన్స్ ఎగ్జిబిషన్ ఉంది. అక్కడ మా స్కూలు పేరు ఇంతవరకూ వినపడలేదు. జామెట్రీ బాక్సులోంచి కొత్త డివైడరు తీసి ఇచ్చాను.

రెండు నెలలు ఆ పిల్ల అదే పని మీద ఉంది. వలలో గుల్లలు పడితే చిల్లులు పడతాయని జాలర్లు తిట్టుకుంటూ విదిలించేస్తారు. ఆ రెండు నెలలూ రత్తయ్య వాటిని ఏరి, టవల్లో మూటకట్టి, కూతురికి తెచ్చాడు. లోపలి చుట్లు కనపడేలా ఒక్కొక్కదాన్నీ సానరాయి మీద సగానికి అరగదీసి ఇచ్చాడు. ఆమె డివైడరు కాళ్ళతో చుట్టు వెడల్పు పట్టి, స్కేలు మీద పెట్టి చదివి, రాసుకునేది. మూడు రకాలు తీసుకుంది. పేర్లు కూడా తనే పెట్టుకుంది. పొడుగ్గా మొన తేలి ఉండేది మేకు గుల్ల, ఒంటి నిండా ముళ్ళుండేది ముళ్ళ గుల్ల, గుండ్రంగా నున్నగా ఉండి అడుగున బొడ్డులాంటి గుంట ఉండేది బొడ్డు గుల్ల. రకానికి ఇరవై చొప్పున అరవై గుల్లలు.

ఎగ్జిబిషన్ వారం ఉందనగా పుస్తకం తెచ్చి చూపించింది. పెన్సిలుతో, ఒత్తి రాసిన అంకెలు. మేకు గుల్ల 1.2, 1.2, 1.2. ముళ్ళ గుల్ల 1.5. బొడ్డు గుల్ల 2.6, 2.6, 2.5, 2.6. పేజీ మొత్తం మీద 1.618 ఒక్కచోట కూడా లేదు. అడుగున తన మాటల్లో ఒక వాక్యం రాసుకుంది. "ఒక రకం గుల్ల చిన్నదైనా పెద్దదైనా ఒకే అంకె వస్తుంది. రకం మారితే అంకె మారుతుంది."

ఆ వాక్యం నేను చదివాను. చదవలేదని చెప్పుకోవడానికి లేదు. చదివి, చిరాకుపడ్డాను.

"నీ చెయ్యి నిలకడగా లేదమ్మా. డివైడరు జారుతోంది. మళ్ళీ కొలువు."

మర్నాడు మళ్ళీ కొలిచి తెచ్చింది. అవే అంకెలు. మూడోసారి పంపితే మూడోసారీ అవే. అక్కడైనా నాకు బుద్ధి రావలసింది. తప్పు కొలిచే చెయ్యి అరవై గుల్లల్ని మూడుసార్లు ఒకేలా తప్పు కొలవదు. పిల్లలకి అలాంటి తర్కం చెప్పి జీతం తీసుకునేవాణ్ణి నేను. కానీ గుడివాడ నాలుగు రోజుల్లో ఉంది, 1.618 అని చార్టు మీద బంగారు రంగుతో నేను ముందే రాసేశాను.

జేబులోంచి రబ్బరు తీసి ఇచ్చాను. "చెరుపు. నేను చెబుతాను, రాయి" అన్నాను. 1.61. 1.62. 1.60. 1.63. మధ్యలో ఒక 1.58. అంకెలు సహజంగా కనపడేలా వణికించి చెప్పాను. అడుగున రాసుకున్న వాక్యాన్నీ చెరిపించాను. ఆమె ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. అంత శ్రద్ధగా చెరుపుతోంది, పేజీ చిరగకుండా. నాకు ముచ్చటేసింది.

గుడివాడలో మా బల్ల దగ్గరికి ముగ్గురు జడ్జీలు వచ్చారు. అందులో దయానందం అని జువాలజీ లెక్చరరు ఒకాయన. చార్టు చూశాడు, పట్టిక చూశాడు, బొడ్డు గుల్ల ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది నువ్వే కొలిచావా అమ్మా? ఏదీ, నా ముందు ఒకసారి కొలువు."

ఆమె కొలిచింది. డివైడరు కదల్లేదు. "రెండు పాయింట్ ఆరు" అంది. ఆయన పట్టిక మీద వేలు పెట్టాడు. అక్కడ 1.61 ఉంది. ఇంకోసారి కొలవమన్నాడు. రెండు పాయింట్ ఆరు. ఇంకో గుల్ల ఇచ్చాడు. మళ్ళీ రెండు పాయింట్ ఆరు. చుట్టూ వేరే స్కూళ్ళ పిల్లలు చేరారు.

"మరి ఈ అంకెలెక్కడివి?"

దివ్యశ్రీ వెనక్కి తిరిగి నాకేసి చూసింది. నేను చార్టు మూల ఊడిపోతుంటే సెల్లోటేపు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ చూపుకి జవాబు చెప్పడానికి నాకు బోలెడంత సమయం ఉంది. నేను దయానందం గారికేసి తిరిగి నవ్వాను.

"పిల్లలు కదండీ, తొందరలో ఏదో వేసేసుంటారు."

ఆ మాట నా నోటితో నేనే అన్నాను. ఊరుకుని ఉన్నా కొంత నయంగా ఉండేది. ఆయన మార్కుల కార్డు మీద "రీడింగులు కల్పితం" అని రాసి పక్క బల్లకి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం టీ దగ్గర ఆయనే నన్ను పలకరించాడు. "గుల్లల్లో 1.618 ఉంటుందని ఊరికే ప్రచారం మాస్టారూ. కొలిచి చూస్తే ఎక్కడా దొరకదు. అసలు విశేషం వేరే ఉంది. ఒక్కో రకానికి ఒక్కో అంకె ఉంటుంది, పుట్టినప్పట్నుంచి చచ్చేదాకా ఆ ప్రాణి దాన్ని తప్పదు. ఆవగింజంత ఉన్నప్పుడూ అంతే, గుప్పెడంత అయ్యాకా అంతే. ఆ పిల్ల నిజంగా కొలిచినవి రాసి ఉంటే ఈ ఎగ్జిబిషన్‌లో అంతకు మించిన ప్రాజెక్టు ఉండేది కాదు. నేనే రాష్ట్రస్థాయికి రాసేవాణ్ణి" అన్నాడు.

అదే వాక్యం. పద్నాలుగేళ్ళ పిల్ల తన మాటల్లో రాసుకున్నది, నా రబ్బరుతో నేను చెరిపించింది. అప్పుడైనా నోరు విప్పచ్చు, ఆయన ఎదురుగానే ఉన్నాడు, ఆమె పాతిక అడుగుల దూరంలో గుల్లలు అట్టపెట్టెలో సర్దుకుంటోంది. నేను టీ తాగాను. గ్లాసు ఎక్కడ పెట్టాలని అడిగాను.

తిరుగు ప్రయాణంలో బస్సు మొవ్వ దాటింది. ఆమె అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత మెల్లగా అంది, "సారీ సార్."

"పర్లేదులే" అన్నాను.

వారం తర్వాత రత్తయ్య స్కూలుకొచ్చాడు. మేం చేపలు తినమని తెలుసు కాబట్టి నాలుగు కొబ్బరిబోండాలు తెచ్చాడు. "మా పిల్ల తప్పుడు లెక్కలు రాసిందంట గదండీ. మీ పేరుకి మాటొచ్చిందంట. ఏవనుకోకండి మాస్టారండీ, చిన్నపిల్ల" అన్నాడు. బోండాలు ఇంటికి తీసుకెళ్ళాను. మరుసటి ఏడాది జూన్‌లో నాకు బదిలీ అయింది. గైడ్ టీచరు దగ్గర ఉండాల్సిన రికార్డు కాబట్టి ఆ నోట్‌బుక్కు నా సామానుతో పాటు వచ్చింది.

*

వేదవతి అంతా వింది. చీకటి పడుతోంది, లైటు వెయ్యబుద్ధి కాలేదు ఇద్దరికీ.

"ఆ బోండాలు నేనే కొట్టాను. నీళ్ళు బాగున్నాయని కూడా అన్నాను" అంది. లేచి నోట్‌బుక్కు నా ఒళ్ళో పెట్టింది. "ఇచ్చిరండి. పోస్టులో కాదు."

నాగాయలంకలో ఉన్న ఒక పాత స్టూడెంటుకి ఫోన్ చేస్తే, దివ్యశ్రీ ముదినేపల్లిలో ఒక ఆక్వా ల్యాబులో పని చేస్తోందని చెప్పాడు. ఇంటర్‌లో ఒకేషనల్ ఫిషరీస్ చదివిందట. నాకు ప్రాణం కాస్త కుదుటపడింది. ల్యాబు అంటే కొలిచే పనే కదా, నా వల్ల పెద్దగా ఏమీ పోలేదన్నమాట అనుకున్నాను. మనిషి ఎంత తేలిగ్గా తనకి తాను మార్కులు వేసుకుంటాడో.

పెడన మీదుగా గుడివాడ వెళ్ళే బస్సెక్కి, అక్కడ దిగి ఇంకో బస్సు పట్టుకున్నాను. దారి పొడుగునా ఏం చెప్పాలో సర్దుకుంటూనే ఉన్నాను. ఆమె తిడుతుంది, నేను తల వంచుకుంటాను. మొహం మీద తలుపేస్తుంది, పుస్తకం గుమ్మంలో పెట్టి వస్తాను. అన్ని రకాలుగానూ ఊహించుకున్నాను. తిట్టించుకోవాలనే బయల్దేరాను, నిజం చెప్పాలంటే. తిట్లు పడితే కాస్త తేలికవుతుందని ఆశ.

ల్యాబు రోడ్డు మీదే ఉంది. ఒక షట్టర్ గది. అరల్లో సీసాలు, ఒక మైక్రోస్కోపు, చెరువు నీళ్ళు పట్టి తెచ్చిన వాటర్ బాటిళ్ళు వరసగా. బాటిళ్ళ మీద రైతు పేరు, చెరువు నంబరు. బయట బెంచీ మీద అంకమ్మరావు అనే రొయ్యల చెరువుల రైతు కూర్చుని ఉన్నాడు. లోపల ఇద్దరమ్మాయిలు తెల్లకోట్లు వేసుకుని ఉన్నారు. జడ ముందుకేసుకున్న అమ్మాయిని చూడగానే పోల్చుకున్నాను. నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, వెంటనే లేచి నిలబడింది.

"సార్. నమస్తే సార్. మీరేంటి సార్ ఇక్కడ? రండి, కూర్చోండి. రోజా, మా లెక్కల సారు."

ఆ మొహంలో నేను ఊహించుకున్నదేదీ లేదు. సంతోషించింది. కుర్చీ తుడిచి వేసింది. "ఒక్క అయిదు నిమిషాలు సార్, ఈయన టెస్టు అయిపోతుంది" అని మళ్ళీ పనిలో పడింది.

చూస్తూ కూర్చున్నాను. గాజు గొట్టంలో నీళ్ళు పోసి, చుక్కల మందు వేసి, రంగు మారాక కార్డు పక్కన పెట్టి పోల్చింది. రాయలేదు. "రోజా, ఒకసారి చూడవే" అంది. రోజా వచ్చి చూసి అంకె చెప్పింది. అప్పుడు రాసింది. ఉప్పుదనం చూసింది. మళ్ళీ "రోజా, ఒకసారి చూడవే". ప్రతి పరీక్షకీ అంతే. రోజా ఒకచోట తప్పు అంకె వేసి, దాని మీద అడ్డంగా ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి పొట్టి సంతకం పెట్టింది. నా చెయ్యి అలవాటుగా జేబు మీదికి వెళ్ళింది.

దివ్యశ్రీ అది చూసి నవ్వింది. "ఇక్కడ రబ్బరు ఉండదు సార్. తప్పయినా కనపడాల్సిందే."

అంకమ్మరావు నాతో గర్వంగా చెప్పాడు. "ఈ అమ్మాయి ఒక్కతే చూస్తే రాయదండీ. ఇంకో మనిషి చూడాల్సిందే. ఈ చుట్టుపక్కల ఇంత జాగ్రత్త ఎవరికీ లేదు మాస్టారూ. అందుకే కైకలూరు దాటి కూడా ఇక్కడికే వస్తారు."

నాకు కూడా గర్వంగానే అనిపించింది, ఆ క్షణానికి.

ఆయన వెళ్ళాక నోట్‌బుక్కు సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను. ఆమె అట్ట చూసి పోల్చుకుంది. చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను దారి పొడుగునా సర్దుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. ఉన్నదున్నట్టు చెప్పాను. గుల్లల్లో 1.618 లేదని, నేను కొలవకుండానే బోర్డు మీద రాశానని, ఆమె అంకెలు చెరిపించింది చార్టు పాడవుతుందనేనని, దయానందం గారు టీ దగ్గర ఏమన్నారో కూడా.

ఆమె మధ్యలో చెయ్యెత్తి ఆపింది. క్లాసులో అనుమానం అడిగేటప్పుడు ఎత్తినట్టే.

"సార్, ఒక్క నిమిషం. మీరు చెప్పి రాయించినవి కరెక్టు కావా?"

"కావమ్మా."

"మరి గుడివాడలో నేను కొలిచింది?"

"అదే కరెక్టు. నువ్వు మొదటిసారి కొలిచిందీ కరెక్టే."

ఆమె నోట్‌బుక్కుకేసి చూస్తూ ఉండిపోయింది. బయట లారీ ఒకటి ఐసుపెట్టెలతో వెళ్ళింది.

"నేను నా చెయ్యే తప్పనుకున్నాను సార్" అంది. "మీరు దిద్దారు కదా. ఆ రోజు అక్కడ మూడుసార్లూ రెండు పాయింట్ ఆరే వచ్చింది. మూడుసార్లూ ఒకే తప్పు ఎలా చేస్తున్నానా అని భయమేసింది. సార్ దిద్దినా నాకు రావట్లేదు అనుకున్నా."

ఆమె చుక్కల మందు సీసాకి మూత బిగించింది.

"టెన్త్‌లో లెక్కల్లో తొంభై నాలుగొచ్చాయి సార్. ఎంపీసీ తీసుకోమని అందరూ అన్నారు. నా చేతిలో నిలకడ లేదు, నా కన్ను తప్పు చూస్తుంది, అలాంటిదాన్ని లెక్కలెందుకులే అనుకున్నా. ఇక్కడ కూడా రోజా సెలవు పెడితే నేనూ సెలవు పెడతాను. ఒక్కదాన్నే అంకె రాయలేను."

రోజా తల తిప్పుకుంది. అంకమ్మరావు జాగ్రత్త అని మెచ్చుకున్నదేమిటో నాకు అప్పుడు తెలిసింది. ఆమెకి నా మీద కోపం ఉంటుందనుకుని ఇంత దూరం వచ్చాను. కోపం లేదు, ఎందుకంటే నన్ను నమ్మింది. పద్నాలుగేళ్ళు నన్ను నమ్మి, తనని నమ్మడం మానేసింది. నాకు ఏడుపొచ్చింది. అరవై రెండేళ్ళవాణ్ణి, అక్కడ ఏడిస్తే ఆమే నన్ను ఓదార్చాలి, ఆ పని కూడా ఆమె నెత్తిన పెట్టకూడదని ఆపుకున్నాను.

"నన్ను తిట్టమ్మా" అన్నాను.

"తిట్టి ఏం చేస్తాను సార్" అంది. మామూలుగానే అంది. నోట్‌బుక్కు తెరిచింది.

పేజీ మీద నేను చెప్పి రాయించిన అంకెలు. వాటి కింద ఏమీ లేదు, తెల్లగా ఉంది. ఆమె పుస్తకాన్ని మైక్రోస్కోపు లైటు దగ్గరికి తీసుకెళ్ళి, పక్కవాటుగా పట్టింది. చిన్నప్పుడు పెన్సిలు ఒత్తి రాసే అలవాటు. రబ్బరు పెన్సిలు నలుపుని చెరిపింది కానీ గాడిని చెరపలేకపోయింది. లైటు అడ్డంగా పడేసరికి ఆ గాడుల్లో నీడలు నిలిచాయి.

"రెండు పాయింట్ ఆరు" అని చదివింది. ఆగింది. వెంటనే, "రోజా, ఒకసారి చూడవే."

రోజా వచ్చి వంగి చూసింది. "రెండు పాయింట్ ఆరే అక్కా. కింద కూడా రెండు పాయింట్ ఆరు. ఇది అయిదు. మళ్ళీ ఆరు."

"అడుగున చూడు. ఏదో రాసి ఉంటుంది."

రోజా కూడబలుక్కుంటూ చదివింది. "ఒక రకం గుల్ల చిన్నదైనా పెద్దదైనా ఒకే అంకె వస్తుంది. రకం మారితే అంకె మారుతుంది." చదివి, "ఎవరు రాశారక్కా?" అంది.

"నేనే" అంది దివ్యశ్రీ. ఆ రెండక్షరాలూ చెప్పడానికి ఆమెకి కొంచెంసేపు పట్టింది.

తర్వాత ల్యాబు పెన్ను ఒకటి తీసి నా ముందు పెట్టింది. "సార్, ఇందులో రాసివ్వండి. ఈ కొలతలు సరైనవే అని. నాన్నకి చూపించాలి."

"రత్తయ్య ఎలా ఉన్నాడు?"

"బానే ఉన్నాడు సార్. ఇప్పటికీ వలలో బొడ్డు గుల్ల పడితే నాకు కనపడకుండా దాచేస్తాడు. చూస్తే బాధపడతానని."

పెన్ను తీసుకున్నాను. వెనక పేజీలో రాశాను. "కొక్కిలిగడ్డ దివ్యశ్రీ మొదట కొలిచి రాసిన కొలతలన్నీ సరైనవి. వాటిని చెరిపించి, తప్పు అంకెలు చెప్పి రాయించినది నేను. గుడివాడలో ఆమె మీద పడిన మాట నాది." చదువుకుంటే దస్తూరీ బాగానే ఉంది. కింద సంతకం పెట్టాను. సంతకం కింద తేదీ వేశాను. 12-12-2011.

వేసేదాకా నాకు తెలియలేదు. రికార్డు 2011ది, కాబట్టి తేదీలో సంవత్సరం 2011 అయితేనే సరిగ్గా కుదురుతుంది అని చేతికి తోచింది, చెయ్యి వేసేసింది. దివ్యశ్రీ నా పక్కనే నిలబడి చూస్తోంది.

"ఇవాళ రాస్తున్నారు కదా సార్" అంది మెల్లగా. "ఇవాళ్టి తేదీ వెయ్యండి."

గబగబా పదకొండు మీద పెన్ను పెట్టి ఇరవై అయిదుగా దిద్దబోయాను. ఆమె కాగితం మీద వేలు ఆనించింది.

"దిద్దకండి సార్. ఒక గీత కొట్టి, పక్కన రాయండి. పక్కన పొట్టి సంతకం."

గీత కొట్టాను. పక్కన ఇవాళ్టి తేదీ వేశాను. పొట్టి సంతకం పెట్టాను. ఆమె పుస్తకం అందుకుని, సిరా ఆరేదాకా తెరిచే పట్టుకుంది. గీత కింద పాత తేదీ స్పష్టంగా కనపడుతూనే ఉంది.